బొమ్మ ఇంటికి తెచ్చేసరికి ఆ వెలుగంతా ఎటు పోతంది?

నాగావళి_ఇసక

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. రెండేళ్ల నుంచి వాటర్‌కలర్ వేస్తన్నాను, మొదట్లో ఫోన్లో ఫొటోలు చూసుకుని ఇంట్లోనే వేసీదాన్ని, ఈ సంక్రాంతి నుంచి బయటికెళ్లి ఎదురుగా చూసి వెయ్యడం మొదలెట్టాను. సెలవైతే చాలు నాగావళి ఏట్లోకి దిగి ఇసకలో కూర్చుంటాను, కళింగపట్నం కూడా రెండుసార్లు వెళ్లాను లైట్‌హౌసు వేద్దామని.

నా బాధ ఏటంటే, అక్కడ వేస్తన్నంతసేపూ బొమ్మ బ్రహ్మాండంగా ఉంటాది, రంగులన్నీ వెలుగుతుంటాయి, ఇంటికొచ్చి గోడకి ఆనించి చూసీసరికి మసిగుడ్డలాగ ఉంటాది. అదే కాయితం, అవే రంగులు. మొన్నాదివారం సంగతి చెప్తాను. తొమ్మిదిన్నరకి వెళ్లాను, బట్టలుతికేవాళ్లు ఇసకలో వెదురు కర్రలు పాతి తాడు కట్టి తెల్ల పంచెలు ఆరేసారు, ఓ పది ఉంటాయి, గాలికి ఊగుతన్నాయి, వెనకాల బ్రిడ్జి. కళ్లు చెదిరిపోయీ అంత వెలుగు. పంచెలకి కాయితం తెల్లగా వదిలీసాను, నీడ పడ్డ మడతలకి నలుపులో బాగా నీళ్లు కలిపి లేతగా వేసాను, ఇసక్కి ఎల్లో ఓకర్, అదే మట్టి పసుపు. పన్నెండు దాకా కూర్చుని చేసాను. ఇంటికి తెస్తే మా అమ్మ చూసి "మబ్బు పట్టిందా ఏటి అక్కడ, ఇక్కడ ఎండ మండిపోయింది కదా" అంది. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే నిజమే, పంచె మీద ఎండ లేదు, ఒట్టి కాయితం ఉంది.

నేను వాడేది కామెల్ ట్యూబులు పన్నెండు రంగుల సెట్టు, 300 జీఎస్ఎం మందం పేపరు. టోపీ పెట్టుకుంటాను, గొడుగు పట్టుకుని వెయ్యడానికి చేతులు చాలవు. పసుపు ఇంకా ఎక్కువ కలపాలా? ఖరీదు రంగులు కొనాలా? ఎండని కాయితం మీదకి ఎలగ తెస్తారో తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రుళ్లు కూడా ఇదే ఆలోచన.

బొమ్మల_మేస్టారు (విజయనగరం)

అమ్మా, రంగులేవీ కొనకు. ముందు ఒక్కటి చెప్పు, టోపీ నీడ నీ మొహం మీద పడింది, మరి కాయితం మీద ఏం పడింది? ఎండే కదా. సగం రోగం అక్కడుంది.

నడి ఎండలో కాయితం మీద పడే వెలుగు లక్ష లక్సుల దాకా ఉంటుంది (లక్సు అంటే వెలుగుని కొలిచే కొలత), మన ఇళ్లల్లో ట్యూబులైటు కింద రెండు మూడు వందలుంటే ఎక్కువ. అంటే కొన్ని వందల రెట్లు వెలుగులో చూస్తూ నువ్వు రంగు కలుపుతున్నావన్నమాట. అంత వెలుగులో ముదురు రంగు కూడా లేతగా, శుభ్రంగా కనిపిస్తుంది, తెల్ల కాయితం కళ్లల్లో కొడుతుంటే చెయ్యి తనకి తెలీకుండానే ఇంకో పూత వేసేస్తుంది. ఆ బొమ్మనే గదిలోకి తెచ్చావనుకో, ఇంక ఏముంటుంది, మురికే. నేను చాలా ఏళ్లు డ్రాయింగు చెప్పాను, పిల్లల్ని పెద్దచెరువు గట్టు మీదకి తీసుకెళ్లిన మొదటి రోజు ప్రతి బ్యాచ్‌కీ ఇదే జరిగేది, అందుకే నీ పోస్టు చదువుతుంటే ఆ పిల్లల మొహాలే గుర్తొచ్చాయి.

కాయితం నీడలో ఉండాలి, చూసేది ఎండలో ఉండాలి. బ్రిడ్జి నీడ అన్నిటికన్నా మంచిది. చెట్టు కిందైతే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు కాయితం మీద ఆడతాయి, దానికి తోడు ఆకుల పచ్చదనం దిగుతుంది. ఏదీ దొరకలేదా, నల్ల గొడుగుని కర్రకి కట్టి ఇసుకలో పాతేయ్. తెల్ల డ్రెస్సు వేసుకుని వెళ్లకు, నీ మీద పడ్డ ఎండ తిరిగి కాయితం మీదకే కొడుతుంది, ఎర్రది వేసుకుంటే ఎరుపు కొడుతుంది. బూడిదో, ముదురు రంగో ఏదో ఒకటి. చలవ కళ్లద్దాలు ఉంటే తీసెయ్.

ఇప్పుడు పంచె సంగతి. ఎండలో ఉన్న ఇసుకకంటే నీడలో ఉన్న తెల్ల మడత ముదురు. నువ్వు నమ్మవు, ఎవరూ నమ్మరు, పంచె తెల్లదని మనసు ముందే చెప్పేస్తుంది కాబట్టి. కొత్త చొక్కా డబ్బాలో బూడిద రంగు అట్ట వస్తుంది చూడు, దానికి పెన్నుతో ఒక కన్నం పొడువు, ఒక కన్ను మూసి ఆ కన్నంలోంచి మడతని చూడు, తర్వాత ఇసుకని చూడు, మళ్లీ మడతని చూడు. పంచె అనే సంగతి మర్చిపోయి ఒట్టి రంగు మాత్రమే కనిపిస్తుంది. అక్కడ నీకు బూడిద కనిపించదు, నీలం కనిపిస్తుంది, కొంచెం వంకాయ పువ్వు ఛాయతో. ఆ మడతకి సూర్యుడు కనపడడు, ఆకాశం కనపడుతుంది, అందుకని ఆకాశం రంగే దాని మీద పడుతుంది. అలాగే పంచె కింది అంచు దగ్గర, ఇసుకకి జానెడు ఎత్తులో చూడు, అక్కడ నీడలో కూడా లేత పసుపు వెచ్చదనం ఉంటుంది, అది ఇసుక మీంచి లేచిన వెలుగు. పై మడత చల్లన, కింది అంచు వెచ్చన. ఈ రెండూ పడితే మధ్యలో వదిలేసిన కాయితం దానంతట అదే వెలుగుతుంది.

కాయితం కంటే తెల్లని తెలుపు మనకి లేదమ్మా, అదొక్కటే. అందుకని చుట్టూ ఉన్నవాటిని దించుకోవాలి. నీడకి అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు క్రిమ్సన్ ఎరుపు, మరీ నీలంగా ఉందనిపిస్తే బర్న్ట్ సియెన్నా అనే ఇటుక గోధుమ రంగు ఒక చుక్క. నల్ల ట్యూబు ఒక నెల ఇంట్లో వదిలెయ్.

ఇంకోటి, పాత చందమామలు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే అట్టలు చూడు. వాటికి అట్ట బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు మీ శ్రీకాకుళంలోనే 1921లో పుట్టారు. నీడ ఉన్న చోట ఏ రంగు వాడారో వేలు పెట్టి వెతుకు. నేను అలాగే నేర్చుకున్నాను.

పలాస_జీడితోట

అక్కా నాదీ సేమ్ కానీ రివర్స్. ఎండ తగలకూడదని జీడితోటలో నీలం టార్పాలిన్ కట్టుకుని దాని కింద కూర్చున్నాను, బరకం కిందంతా నీలం వెలుగే కదా, కాయితం నీలంగా కనిపిస్తుంటే చలిగా ఉందని ఎరుపూ పసుపూ కలుపుకుంటూ పోయాను, మూడు గంటలు. బయటికి తీసి చూస్తే తోటంతా తగలబడిపోయినట్టు ఉంది. ఆరోజు ఏడుపొచ్చేసింది నిజంగా. కాబట్టి నీడ అంటే ఏ నీడైనా సరే అనుకోకు, మేస్టారు చెప్పినట్టు నల్లదో బూడిదో.

ఇంకో విషయం, ఆకుల గురించి, నువ్వు అడగలేదు గానీ ఎలాగూ చెట్లు వేస్తావు కదా. ఒకే ఆకుపచ్చ పెట్టి లేతా ముదురూ చేస్తే రాదు. అరటి చెట్టు కింద నిలబడి ఎండ వైపు చూడు, ఆకులోంచి దిగొచ్చే వెలుగు పసుపు కలిసిన ఆకుపచ్చ, దీపం పెట్టినట్టుంటుంది. అదే ఆకుని పక్కకెళ్లి పైనుంచి చూడు, నున్నగా మెరిసే చోట ఆకాశం తెలుపూ నీలం కనిపిస్తాయి, ఆకుపచ్చే ఉండదు. ఒకే ఆకు! నేను ఇది గమనించాక ఒక వారం రోజులు ఆకులు తప్ప ఇంకేమీ వెయ్యలేదు.

ఎండల్లో రంగు చటుక్కున ఆరిపోతుంది కదా, కాయితం వెనకా ముందూ రెండు పక్కలా తడిపి అట్టకి అంటించు, చిన్న స్ప్రే సీసా దగ్గర పెట్టుకో. సగం ఆరిన దాని మీద మళ్లీ బ్రష్షు పెట్టావంటే అక్కడే బురద తయారవుద్ది.

బోర్డులు_రాస్తాను (బొబ్బిలి)

నేను పెయింటర్‌ని కాదు చెల్లీ, బోర్డులు రాస్తాను, గోడల మీద రాస్తాను, ఇరవై రెండేళ్లయింది. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ మానలేదు. మీ మాటలు చదువుతుంటే నాకు తెలిసిన సంగతొకటి చెప్పాలనిపించింది.

ఒకసారి ఒక కొట్టు గోడకి పసుపు అక్షరాలు రాయాలి. వెనకాల మీగడ రంగు వేయమన్నాడు ఓనరు, వేసాను. అక్షరాలు రాసాక "పసుపు పాలిపోయినట్టుంది, మంచి కంపెనీది తెచ్చి మళ్లీ రాయి" అన్నాడు. నేను పసుపు డబ్బా ముట్టుకోలేదు. అక్షరాల చుట్టూ మీగడ రంగు మీద ముదురు నీలం కొట్టీసాను, కొద్దిగా ఊదా కలిపి. సాయంత్రం వచ్చి చూసి "ఆఁ, ఇదీ పసుపంటే" అన్నాడు, డబ్బులిచ్చేటప్పుడు కొత్త పసుపుకెంత అయిందని కూడా అడిగాడు, ఏమీ అవలేదండి అదే పసుపు అని చెప్పీసాను. కాబట్టి నువ్వు పసుపు ఎక్కువ కలపాలా అని అడిగావు చూడు, కలపక్కర్లేదు, పక్కన ఏముందో చూసుకో. నీ ఇసక్కి ఎండ రావాలంటే ఇసకలో కాదు, ఇసక మీద పడ్డ నీడలో ఉంది పని.

కానీ మేస్టారూ, నలుపుని ఇంట్లో వదిలెయ్యమన్నారు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నలుపులో నిమ్మ పసుపు కలిపితే వచ్చే ఆకుపచ్చ తాటాకు మీద నీడకి ఎంత బావుంటాదో చూడండి. నలుపులో తెలుపు కలిపి పక్కన ఇటుక రంగు పెడితే ఆ బూడిద నీలంలా కనిపిస్తది. నలుపు తప్పు కాదు, అన్ని నీడలకీ అదే వెయ్యడం తప్పు.

బొమ్మల_మేస్టారు (విజయనగరం)

బాబూ, నువ్వన్నది నిజం. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ నలుపు, తెలుపు, ఎల్లో ఓకర్, వెర్మిలియన్ ఎరుపు అనే నాలుగు రంగులతోనే మనుషుల్ని వేసిన పేరున్నవాడు, ఆయన దగ్గర నలుపే నీలం పని చేసేది. నేను ఒక నెల అన్నది అలవాటు తప్పించడానికి. నీడ అనగానే చెయ్యి నలుపు వైపు పోకుండా కన్ను ముందు వెతకాలని. నెల తర్వాత తెచ్చుకోమను, నువ్వు చెప్పిన తాటాకు ఆకుపచ్చతోనే మొదలెట్టమను.

రాజాం_సైన్స్_టీచర్

బోర్డు రాసే అన్న చెప్పిన దాని మీద ఫ్రాన్స్‌లో ఒక పెద్ద గ్రంథమే ఉంది. షెవ్రోల్ అని కెమిస్టు, గోబెలిన్ అనే ప్రభుత్వ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి డైరెక్టరు. నలుపు దారం సరిగ్గా లేదు, చాలట్లేదని ఫిర్యాదులొచ్చాయి, ఆయన పరీక్ష చేస్తే దారం రంగులో లోపమేమీ లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదాల వల్ల నలుపు పాలిపోయినట్టు కనిపిస్తోంది. పక్క రంగు మనం చూసే రంగుని ఎలా మారుస్తుందో 1839లో పుస్తకం వేశారు, తర్వాతి తరం చిత్రకారులు దాన్ని చాలా శ్రద్ధగా చదివారు. మన పొందూరులో అద్దకం, నేత తెలిసినవాళ్లకి ఇది చెప్తే ఆశ్చర్యపోరనుకుంటాను.

చెల్లెమ్మా, నువ్వు తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా కూర్చున్నానన్నావు, అది చాలా ఎక్కువ. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, రెండున్నర గంటల్లో దగ్గర దగ్గర 38 డిగ్రీలు. నువ్వు మొదట వేసిన మడత నీడ ఒక సూర్యుడిది, చివర్లో వేసిన బ్రిడ్జి నీడ ఇంకో సూర్యుడిది. చూసేవాళ్లకి ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాదు గానీ ఎండ అని మాత్రం అనిపించదు, మీ అమ్మగారికి మబ్బు అనిపించింది అందుకే కావచ్చు. గంటన్నర దాటనివ్వకు. వెళ్లగానే పది నిమిషాల్లో నీడలన్నీ ఒకేసారి గీసేసుకుని, తర్వాత అవి జరిగినా నువ్వు జరపకు.

పన్నెండు వేళ మన దగ్గర వెయ్యడం మానెయ్. శ్రీకాకుళం 18 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలో, మళ్లీ జులై చివర్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు, మేలో అయితే గడియారంలో పన్నెండు కొట్టకముందే. నీడంతా కాళ్ల కిందకి పోతుంది, గోడలన్నీ ఒకేలా ఉంటాయి, వెయ్యడానికి ఆకారమే ఉండదు. 

సగంలో ఆపిన బొమ్మ ఉంటే మర్నాడో ఎల్లుండో అదే టైముకి వెళ్లి పూర్తి చెయ్యి, నెల తర్వాత వెళ్తే ఆ ఎండ ఉండదు. అరసవల్లిలో చూడు, మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు మాత్రమే పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. సూర్యుడు ఉదయించే చోటు రోజురోజుకీ జరుగుతుంది కాబట్టే కదా మిగతా రోజుల్లో పడవు. నీ పంచెల మీద ఎండకి కూడా అదే లెక్క.

నాగావళి_ఇసక

ముందుగా అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఈ ఆదివారం వెళ్లొచ్చి రాస్తన్నాను.

తెల్లవారకముందే, ఆరు కాకుండానే వెళ్లిపోయాను. ఇంకా సూర్యుడు రాలేదు. ఒకావిడ ఎర్ర చీర ఆరేస్తంది, దగ్గరికెళ్తే గానీ ఎరుపని తెలీలేదు, నల్లగా ఉంది, పక్కన నీలం లుంగీ మాత్రం తెల్లగా అగుపడుతంది. ఇది ఎందుకో తెల్దు, సైన్స్ సార్ చెప్పాలి.

ఎండొచ్చాక బ్రిడ్జి నీడలోకి వెళ్లి కూర్చున్నాను. అట్టకి కన్నం పెట్టి మడతని చూసాను మేస్టారూ. నిజంగా వంకాయ పువ్వు రంగే! కన్నం తీసీసి చూస్తే తెలుపు, పెట్టి చూస్తే వంకాయ పువ్వు. ఒక పది సార్లు తీసీ పెట్టీ చూసాను, బట్టలుతికే తాత వచ్చి ఏటి చూస్తన్నావమ్మా అని అడిగితే ఆయనకీ చూపించాను, ఆయన చాలాసేపు చూసి "మేం నీలిమందు పెట్టింది అగుపడుతందేటి" అన్నాడు. ఆ మాట భలే నచ్చింది నాకు. కింది అంచు పసుపు కూడా దొరికింది, కానీ అది చాలా కొంచెమే, ఓకర్‌ని నీళ్లలో ముంచి తీసినంత.

పోస్టుకార్డు అంత సైజువి రెండు వేసాను, ఒక్కోటి నలభై నిమిషాలు. అక్కడ వేస్తున్నప్పుడు మరీ లేతగా ఉన్నాయేమో అని భయమేసింది, ఇంకో పూత వేద్దామని చెయ్యి పోయింది, ఆపుకున్నాను. ఇంటికి తెచ్చి అదే గోడకి ఆనించాను. మొదటిది బాగా రాలేదు, బ్రిడ్జి మరీ నీలం అయిపోయింది. రెండోదాన్లో ఒక పంచె, ఒక్కటే, మూడో పంచె, దాని మీద ఎండ ఉంది. అమ్మ చూసి ఈసారి మబ్బు అనలేదు, "ఇది పొద్దున్నదా సాయంత్రందా" అని అడిగింది. నేను పొద్దున్నదే అన్నాను గానీ అది బొమ్మలో ఎలగ తెలియాలి? రెండు పూటలా ఎండ ఏటవాలుగానే పడుతుంది కదా?

రాజాం_సైన్స్_టీచర్

ఎర్ర చీర ప్రశ్న నాకు చాలా ఇష్టమైంది. వెలుగు బాగా తగ్గినప్పుడు మన కంట్లో రంగులు చూసే కణాల పని తగ్గి చీకట్లో చూసే కణాలు పని మొదలెడతాయి, అవి ఎరుపుని దాదాపు పట్టించుకోవు, నీలం ఆకుపచ్చల వైపు చురుగ్గా ఉంటాయి. అందుకని ఎరుపు ముందు నల్లబడుతుంది. పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త తెల్లవారుజామున పూలు చూస్తూనే రెండొందల ఏళ్ల కిందట ఇది కనిపెట్టాడు. ఇంట్లో మందారం ఉంటే సందె చీకట్లో చూడు, పువ్వు నల్లగా, ఆకులు తేటగా ఉంటాయి.

సూర్యుడు వచ్చే బొమ్మ వేసేటప్పుడు ఒక పని చెయ్యి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవులో వేసిన సూర్యోదయం బొమ్మని ఫోన్లో తెరిచి బ్లాక్ అండ్ వైట్ చెయ్యి. నారింజ సూర్యుడు దాదాపు మాయమైపోతాడు, చుట్టూ ఉన్న ఆకాశమూ అతనూ ఒకే వెలుగులో ఉంటారు కాబట్టి. అక్కడ సూర్యుణ్ణి చూపిస్తున్నది తెలుపు కాదు, బూడిద నీలం పక్కన పెట్టిన నారింజ. నీ మూడో పంచెని కూడా అలాగే బ్లాక్ అండ్ వైట్ చేసి చూసుకో, ఎండ తేడా వెలుగు వల్ల వచ్చిందో రంగు వల్ల వచ్చిందో తెలుస్తుంది.

బొమ్మల_మేస్టారు (విజయనగరం)

అమ్మా, పంచె వచ్చిందన్నావు, చాలా సంతోషం. నీలిమందు అన్న ఆ తాతకి నా నమస్కారం చెప్పు.

పొద్దున్న ఏటి మీద తేమ ఉంటుంది, దూరం ఉన్నవన్నీ పాలల్లో ముంచినట్టు ఉంటాయి, నీడలు నీలంగా మెత్తగా ఉంటాయి. సాయంత్రానికి రోజంతా లేచిన దుమ్మూ పొగా గాల్లో ఉంటాయి, ఎండలో నారింజ ఎక్కువ, నీడల అంచులు కూడా వెచ్చగా ఉంటాయి. ఇది మన వైపు మామూలుగా ఉండే తీరు, వాన పడ్డ మర్నాడు మొత్తం మారిపోతుంది. ఇది నేను చెప్తే నీకు రాదు, ఒకే చోట కూర్చుని చూడాలి. మోనే 1890, 91లో తన ఇంటి పక్క పొలంలో గోధుమ కుప్పల్ని పాతిక బొమ్మల దాకా వేసాడు, వెలుగు మారగానే చేతిలో ఉన్న కేన్వాసు పక్కన పెట్టి ఆ వెలుగు తాలూకు కేన్వాసు తీసేవాడు. మన పొలాల్లో కోతలయ్యాక నూర్పుల ముందు వేసే వరికుప్పలు అవే కదా. డిసెంబరులో నీకు రోడ్డు పక్కన ఎన్ని కావాలంటే అన్ని.

అప్పటిదాకా పంచెలే వెయ్యి. నాలుగు కార్డులు కోసుకో, నాలుగింటి మీదా ఒకే గీత ముందు రోజు రాత్రే ఇంట్లో గీసి పెట్టుకో, అక్కడ గియ్యడానికి టైము పోనివ్వకు. ఆరున్నరకి ఒకటి, ఎనిమిదికి ఒకటి, నాలుగున్నరకి ఒకటి, పొద్దు గుంకే ముందు ఒకటి. ఒక్కోదానికీ అరగంట. నీడ మడతకి ముందు రంగు వెయ్యి, ఇసుక తర్వాత, ఆకాశం ఆఖర్న. టైమూ తేదీ వెనకాల పెన్సిల్‌తో రాయడం మర్చిపోకు, పెన్నుతో రాస్తే ఇంకు ఇటు దిగుతుంది. నాలుగూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు.